నడికట్టు

ఈమధ్య ఒక కళాశాల వార్షికోత్సవానికి వెళ్ళినాను. ఏ ఊరు, ఏ కళాశాల అన్నది ఇక్కడ అప్రస్తుతం. పద్యపఠనంలో ప్రథమ బహుమతి పొందిన విద్యార్థిని ఆనాటి సభలో ఆ పద్యాలను మరల చదవవలసి ఉన్నది. ఆ అమ్మాయి నీలిరంగు నేతచీర కట్టి, పైట మీదుగా నడుముకు నల్లని తోలు బెల్టు పెట్టుకొని వచ్చినది. వేదిక మెట్ల దగ్గర నిర్వాహకులలో ఒక పెద్దమనిషి ఆమెను ఆపి, బెల్టు తీసివేసి పైకి రమ్మన్నారు. సరిగా అప్పుడే ప్రార్థనాగీతం పాడి దిగివస్తున్న మరియొక అమ్మాయి నడుమున గిల్టు వడ్డాణం దీపాల వెలుగులో మెరుస్తున్నది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. పైపెచ్చు, అమ్మవారిలా ఉన్నదని నలుగురూ మెచ్చుకొన్నారు.

మొదటి అమ్మాయి ఇంటర్మీడియట్‌లో నా దగ్గర తెలుగు చదివినది. నా వైపు తిరిగి, "మాస్టారూ, నడుముకు కట్టుకోవటం తప్పా, తోలుది కట్టుకోవటం తప్పా? మీరు చెప్పండి" అని అడిగినది. ఇరవై ఎనిమిదేండ్లుగా మేఖల, కాంచి, రశన అంటూ ప్రతిపదార్థాలు చెబుతున్నవాణ్ణి, ఒక్క మాట నోట రాలేదు. ఆమె బెల్టు విప్పి నా చేతిలో పెట్టి మెట్లెక్కినది. ఆనాడు చెప్పలేకపోయిన సమాధానం ఈ ఆదివారం చెప్పుకొంటున్నాను.

మొదట మాటల సంగతి. నడుముకు కట్టుకొనేదానికి మన భాషలో పేర్లకు కొదవ లేదు. బిడ్డకు బాలసారె నాడు కట్టేది మొలత్రాడు; దానికే చిరుగంటలు కూర్చితే గంటల మొలనూలు. యుద్ధానికి పోయే పురుషుడు చుట్టినది దట్టి. కచేరీ బంట్రోతు బిళ్ళతో సహా తగిలించుకొన్నది డవాలీ. స్త్రీలది వడ్డాణం, కొందరు ఒడ్డాణం అంటారు, తమిళులకు అది ఒట్టియాణం. అన్నింటికీ చెల్లే అచ్చ తెలుగు మాట నడికట్టు. బెల్టు అన్న మాట వచ్చి నడికట్టును నిఘంటువులోకి నెట్టినది గాని, వస్తువు మనకు కొత్తది కాదు.

సంస్కృతంలో అమరసింహుడు స్త్రీల నడికట్టుకు మేఖల, కాంచి, సప్తకి, రశన, సారసనము అని 5 పేర్లు చెప్పినాడు. పురుషుల దానికి మాత్రం శృంఖలము అన్నాడు. శృంఖలమంటే సంకెల కూడా. ఆడువారి దానికి అయిదు అందమైన పేర్లు, మగవారి దానికి సంకెల పేరు! ఆయన మనసులో ఏమున్నదో ఊహించుకొని నవ్వుకోవలసినదే. వ్యాఖ్యాతలు ఇంకా లోతుకు పోయి, ఒంటిపేటది కాంచి, 8 పేటలది మేఖల, 16 పేటలది రశన, 25 పేటలది కలాపం అని లెక్క కట్టినారు. అలంకారశాస్త్రం చదివినవారికి రశనోపమ తెలిసినదే: ఒక పోలికలోని ఉపమేయం తరువాతి పోలికకు ఉపమానమై, లంకె వెంట లంకెగా సాగుతుంది. సముద్రాన్ని మేఖలగా ధరించినది భూమి. కొండ నడిమి చరియ మేఖల. హోమగుండం చుట్టూ కట్టే మెట్టు మేఖల. అస్సాం స్త్రీలు కట్టే మేఖలా చాదర్‌లో ఆ మాట ఆభరణం నుండి వస్త్రానికి దిగినది.

ఇక వస్తువును చూతము. 1920లలో మొహెంజొదారో త్రవ్వకాలలో పొడవైన ఎర్రరాతి పూసలతో, రాగితో కూర్చిన నడికట్టు ఒకటి బయటపడినది. కార్నీలియన్ అనే ఆ గట్టి రాతిని అంత పొడవున, పగలకుండా, తొలిచి బెజ్జం వేయటం ఎంత ఓర్పుగల పనియో రాళ్ళ పనివారికే తెలియవలెను. నాలుగు వేల ఏండ్లకు పైగా మట్టిలో భద్రంగా ఉన్న ఆ నగ మన కాలంలో తెగినది. 1947లో దేశవిభజన జరిగినప్పుడు పురావస్తువులనూ పంచుకోవలసి వచ్చినది. ఈ నడికట్టును సగం చేసి, సగం భారతదేశానికి, సగం పాకిస్తానుకు ఇచ్చినారు. నగ తీర్పరి చేతిలోనే చెడుతుందనుకొంటాము. రెండు ప్రభుత్వాల చేతిలో పడితే ఏమవుతుందో ఆ పూసలు చెబుతవి.

మన ప్రాంతానికి వస్తే, అమరావతి స్తూపం నుండి మదరాసు, లండను ప్రదర్శనశాలలకు చేరిన పలకల మీద స్త్రీల నడుములు చూడండి. పూసల పేటలు చుట్లు చుట్లుగా తిరిగి ఉంటవి. పాలంపేట రామప్ప దేవాలయం 1213లో వెలసినది. 2021లో ప్రపంచ వారసత్వ సంపదల జాబితాకెక్కినది. అక్కడి నల్లరాతి మదనికల నడుమున శిల్పి చెక్కిన మేఖలలలో పూస పూసకూ ఎడం కనబడుతుంది. ఆ మదనికలలో ఒకతె ఎత్తుమడమల చెప్పులు తొడిగినట్లు ఉంటుంది. మార్గదర్శకులు ఆ బొమ్మను తప్పక చూపుతారు, చూచినవారు తప్పక సంతోషిస్తారు. ఆ సంతోషంతో ఇంటికి వచ్చి కూతురి చెప్పుల మడమ ఎత్తును గురించి దెబ్బలాడుతారు.

ఈ నడికట్టు సాహిత్యంలో ఊరకే అలంకారంగా పడిలేదు. మాళవికాగ్నిమిత్రం మూడవ అంకంలో ఇరావతి తన నడుమునుండి జారిన రశననే చేత పట్టి రాజును కొట్టబోతుంది. కాళిదాసు నాయికలలో ఇంత పని చేసినది మరి లేదు. తమిళంలో శీతలై శాత్తనార్ రచించిన మణిమేఖల కావ్యంలో నాయిక పేరే రతనాల వడ్డాణం. ఆ పిల్ల నగలను, నాట్యాన్ని వదలి భిక్షుణియై, అముదసురభి అనే అక్షయపాత్ర చేతబట్టి ఆకలిగొన్నవారికి అన్నం పెట్టినది. మెరయవలసిన పేరు పెట్టుకొని, ఆ మెరపును కాదని పనికి పూనుకొన్న స్త్రీ ఆమె.

పని అన్న మాట వచ్చినది గనుక అసలు విషయానికి వస్తాను. నడికట్టుకు భాషలో రెండు బ్రతుకులు ఉన్నవి. ఒకటి అందం. రెండవది పూనిక. నడుము కట్టినాడు, నడుము బిగించినాడు, కటిబద్ధుడైనాడు అంటే పనికి సిద్ధమైనాడని అర్థం. సన్నాహం అన్న మాటకు మూలార్థమే బిగించి కట్టుకోవటం. విద్యకు సిద్ధమైన వటువుకు ఉపనయనంలో ముంజగడ్డితో పేనిన మేఖల కడతారు. అందుచేతనే ఉపనయనానికి మౌంజీబంధనమని పేరు. ఈ విద్యామేఖల ఒకప్పుడు ఆడపిల్లలకూ ఉండేదని చెప్పే ప్రమాణాలు లేకపోలేదు. బ్రహ్మవాదినులకు ఉపనయనం ఉన్నదని హారీతుడు చెప్పినాడు. పూర్వకల్పంలో స్త్రీలకు మౌంజీబంధనం ఉండేదన్న వచనాన్ని స్మృతి నిబంధకారులు యముని పేర ఉదాహరించినారు. తరువాతి కాలంలో అది పోయినది. స్త్రీకి వివాహమే ఉపనయన స్థానీయమని మనువు తీర్పు.

అయితే ఆ వివాహంలోనూ నడికట్టు ఉన్నది. మన పెండ్లిండ్లలో వధువు నడుముకు దర్భత్రాడు కట్టే తంతు పేరు యోక్త్రధారణం. యోక్త్రమంటే మొదటి అర్థం పశువును కాడికి కట్టే పలుపు. ఈ అర్థం చెప్పగానే తరగతిలో ఆడపిల్లలు ముఖాలు చూచుకొంటారు. కాని అక్కడితో ఆగరాదు. ఆ కట్టేటప్పటి మంత్రంలోని ప్రధానక్రియ ఉత్తమపురుష ఏకవచనం, పైగా ఆత్మనేపదం. అంటే, మంచి పనికై నేను నడుము కట్టుకొంటున్నానని స్త్రీ తనకు తానుగా పలికే భావం అది. వ్యాకరణం చదివినవారు ఈ క్రియ దగ్గర ఒక్క నిమిషం నిలవవలెను. మంత్రంలో కర్త్రి ఆమె. మన పందిళ్ళలో పురోహితుడు చెబుతూ ఉంటే వరుడు ఆ మాటలు పలుకుతాడు, వరుడే ముడి వేస్తాడు, వధువు తలవంచుకొని కూర్చుంటుంది. ఆత్మనేపదం మన చేతులలో పరస్మైపదమైపోయినది.

స్త్రీలు నడుము కట్టటం మానినారా అంటే, లేదు. దానికి పేరు పెట్టటం మనమే మానినాము. నాట్లు వేసే స్త్రీ కొంగు తిప్పి నడుముకు బిగించి మడిలో దిగుతుంది. పత్తి తీసే స్త్రీ నడుముకు ఒడి కట్టుకొని సాలు వెంట సాలు నడుస్తుంది. సాయంకాలానికి ఆ ఒడి బరువంతా నడుము మీదనే. మా అమ్మమ్మ రొండిన దోపుకొన్న గుడ్డసంచిలో వక్కలు, చిల్లర, అప్పుడప్పుడు మాకు పటికబెల్లం పలుకు ఉండేవి. పక్కనే తాళపుచెవుల గుత్తి. ఆ గుత్తి చప్పుడును బట్టి ఆమె ఇంటిలో ఏ మూల ఉన్నదో తెలిసేది. ఆ గుత్తి కోడలి నడుముకు మారిన నాడు ఇంటి పెత్తనం మారినట్లు. ఐరోపాలోనూ ఇల్లాండ్రు తాళపుచెవులు, కత్తెర గొలుసులకు తగిలించి నడుముకు వ్రేలాడదీసుకొనేవారు. ఈ నడికట్టులేవీ కవుల కంట పడలేదు, కోశాలకు ఎక్కలేదు. కవుల కంట పడినది వడ్డాణమే.

వడ్డాణం మీద నాకు కోపం లేదు. సీల తిప్పి బిగించే ఆ పట్టీ మీద కంసాలి చెక్కిన హంసలు, లతలు చూడ ముచ్చటైనవి. బంగారం లక్ష్మి గనుక నడుముకు క్రింద పెట్టరాదనీ, కాళ్ళకు వెండియే తగుననీ మన ఆచారం. ఆ లెక్కన వడ్డాణం బంగారానికి పొలిమేర. కాని పాతిక కాసుల వడ్డాణమంటే 200 గ్రాములు. నేటి ధరకు అది ఎంత అవుతుందో లెక్క వేయటం గణితోపాధ్యాయులకు వదలుతున్నాను. ఆ లెక్క తేలక అప్పు చేసిన తండ్రులు ఉన్నారు. అప్పు పుట్టని ఇండ్లలో గిల్టుది కొంటారు, లేదా ఒక్క పూటకు అద్దెకు తెస్తారు. పెండ్లికూతురు పీటల మీదనుండి లేచిన మరునాడు అద్దె నగను లెక్క చూచి అప్పగించేదాకా ఆ ఇంటిలో ఎవరికీ నిద్ర ఉండదు. ఇంత గొడవ ఉన్న వస్తువును మనం సంప్రదాయమంటాము. సంతలో కొనుక్కొనే తోలుపట్టీని వెర్రి వేషమంటాము.

పెద్దల ఆక్షేపణలు ప్రధానంగా రెండు. ఒకటి, ఇది పరదేశపు వేషమని. మొహెంజొదారో నుండి పాలంపేట దాకా పైన చెప్పినది అందుకు చాలును. బకిలుతో కూడిన తోలు బెల్టు మన పురుషులలో వ్యాపించటంలో పటాలం, పోలీసు ఉద్యోగాల పాత్ర పెద్దది. దానిని ఏ పురుషుడూ పరదేశపుదని విప్పి పారవేయలేదు. ఆక్షేపించిన ఆ పెద్దమనిషి నడుమున కూడా ఒకటి ఉన్నది. రెండవ ఆక్షేపణ, తోలు అశుచి అని. కృష్ణాజినం బ్రహ్మచారికి పవిత్రం. అదే సభలో వేదిక మీద, సరస్వతి పటానికి మూరెడు దూరాన, మృదంగం ఉన్నది. దాని రెండు ముఖాలూ తోలే.

ఉపాధ్యాయులకు మరియొక సంగతి జ్ఞాపకం చేయవలెను. ఎన్నో బడులలో ఐదవ తరగతి ఆడపిల్ల బెల్టు లేకుండా వస్తే ప్రార్థన వరుసలోనుండి ప్రక్కకు తీసి నిలబెడతారు. ఎన్.సి.సి. బాలిక బెల్టు సరిగా బిగించకపోతే మందలిస్తారు. పోలీసు ఉద్యోగంలో చేరిన స్త్రీకి అది గౌరవచిహ్నం. అంటే స్త్రీ బెల్టు పెట్టుకోవటం మనకు ఇష్టమే, మనం పెట్టుకోమన్నప్పుడు. తనంత తాను, తనకు నచ్చిన చోట, పట్టుచీర మీదనో నేతచీర మీదనో పెట్టుకొన్నప్పుడే మన శాస్త్రాలన్నీ గుర్తుకు వస్తున్నవి.

బెల్టు పెట్టుకొంటే కొంగు జారదనీ, బస్సు ఎక్కటానికి అనువనీ కొందరు దానిని సమర్థిస్తారు. నిజమే కావచ్చును. కాని ఈ సమర్థన నాకు అంతగా రుచించదు. వడ్డాణం పెట్టుకొన్న అమ్మాయిని దాని ప్రయోజనమేమని ఎవరు అడిగినారు? అందంగా ఉంటుందన్నది ఒకరికి చాలిన కారణమైతే రెండవవారికీ చాలవలెను.

ఇంత చెప్పి, ఈ బెల్టు వేడుకలో నన్ను భయపెట్టే సంగతి ఒకటి దాచిపెట్టటం న్యాయం కాదు. బెల్టుకు బెజ్జాలు ఉంటవి. బెజ్జాలు నడుమును కొలుస్తవి. నిన్నటి బెజ్జం కంటె ఒకటి లోపలికి బిగిస్తేగాని తృప్తి లేదని, మధ్యాహ్నపు డబ్బా తెరవకుండా ఇంటికి తిరిగి తీసుకొనిపోయే పిల్లలను నేను ఎరుగుదును. వారి తల్లులు నాతో చెప్పుకొన్నారు. పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ 1947లో చూపిన దుస్తులలో సన్నని నడుమే ప్రధానం. ఆ నడుము కోసం అక్కడి స్త్రీలు ఎందరో పాతకాలపు బిగుతు లోదుస్తులను మరల తొడిగినారు. దీనికి పారిస్ దాకా పోనక్కరలేదు. మన ప్రబంధాలలో నాయికకు నడుము ఉన్నదో లేదో తెలియదు. అది ఆకాశం, అది శూన్యం, అది ఒక సందేహం. ఈ వర్ణనలను నేను ఇన్నేండ్లూ ఉత్సాహంగా బోధించినాను. ఎదుట వరుసలలో ఆడపిల్లలు నోటుపుస్తకం మీదికి తల వంచుకొని వ్రాసుకొనేవారు. పాఠం నచ్చి వ్రాసుకొంటున్నారనుకొన్నాను. వారిలో ఎవరైనా తన నడుమును ఆ శూన్యంతో పోల్చి చూచుకొన్నదేమో అన్న ఆలోచన నాకు రాలేదు. ఈ ఏడు ఆ పద్యం చెప్పేటప్పుడు, ఇది కవిసమయం, చకోరం వెన్నెల త్రాగటం ఎంత నిజమో ఇదీ అంతే నిజమని ఒక మాట చేర్చినాను. వెనుక బల్లలో ఎవరో నవ్వినారు. మంచి నవ్వు.

ఇక ఆనాటి సభ సంగతి. ఆ అమ్మాయి పద్యాలు బాగా చదివినది. యతిస్థానం దగ్గర గొంతు నిలపటం చక్కగా తెలిసిన పిల్ల. కాని చదివినంతసేపూ ఎడమచేయి నడుము మీదనే ఉన్నది. బెల్టు ఆధారంగా సర్దుకొన్న కుచ్చెళ్ళు అది తీసివేయగానే వదులైనట్లున్నవి. కుడిచేయి మాత్రమే భావాన్ని చూపుతూ ఉండగా, సభలోనివారు అది ఆమె పద్ధతి అనుకొన్నారు. నేను మొదటి వరుసలో ఆ బెల్టును చుట్ట చుట్టి ఒడిలో పెట్టుకొని కూర్చున్నాను. చేతికి ఏమీ తోచక దానిని త్రిప్పి చూచినాను. పాత బెల్టు. అసలు బెజ్జాలు 5 కాగా, వాటికి లోపలి ప్రక్కన మేకుతో పొడిచిన బెజ్జాలు మరి 3 ఉన్నవి, వరుస కొంచెం వంకరగా.

దిగివచ్చిన తరువాత ఇచ్చివేస్తూ, "ఎవరిదమ్మా ఇది?" అని అడిగినాను.

"నాన్నదండీ. ఆయనకు పొట్ట వచ్చి ఇప్పుడు పట్టటం లేదు" అన్నది.

"మరి నీకెందుకు కట్టుకోవాలనిపించినది?"

"బాగుంటుందనండీ."

చీరపైన దానిని చుట్టి, మేకు బెజ్జాలలో చివరిదానికి ముందుదానిలో బకిలు పెట్టి, బహుమతి పుస్తకాలు చంకన పెట్టుకొని, చివరి బస్సు పోతుందని గేటు వైపు పరుగెత్తినది.